ఎనిమిదో దినాన దంచిన కారం

మా కోడలికి అది తొలిచూలు. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు మా ఇంట్లోనే అనుకున్నాం. ఏడో నెలలోనే బెంగుళూరు నుంచి ఆలూరు దగ్గరుండే మా పల్లెకు పిలుచుకొచ్చుకున్నాను. నెలలు నిండినాయి, నొప్పులొచ్చినాయి, ఆటోలో ఆసుపత్రికి పోయినాం. ఆడ డాక్టరమ్మ కడుపు మీద గొట్టం పెట్టి శానాసేపు విని, బిడ్డ గుండె కొట్టుకోవడం లేదమ్మా అనింది. ఆపరేషను చేసి తీసినారు. ఆడపిల్ల. ఎవరి తప్పూ కాదు, ఒక్కోసారి ఇట్ల అయితాది అని చెప్పినారు. మేమూ ఎవరినీ ఏమీ అడగలేదు.

కోడలు ఇంకా మత్తులోనే ఉండింది. నర్సమ్మ తెల్లగుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ఆ సాయంత్రమే మా ఇంటాయన, నా కొడుకు, చర్చివాళ్ళు ఇద్దరు తీసుకుపోయి మట్టి చేసి వచ్చినారు. కోడలికి మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. చూపించకపోవడమే మంచిదయ్యింది, చూస్తే మరిచిపోయేకి కాదు అన్నారు అందరూ. నేనూ తలకాయ ఊపినాను.

మూడో దినం పాలు పడినాయి. అవి ఆపేకి మాత్రలిచ్చినారు. రొమ్ముకు గుడ్డ బిగించి కట్టింది నేనే. అప్పుడు కూడా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో దినం ఇంటికొచ్చినాం. కొడుక్కి పనిలో ఇచ్చిన రజా అయిపోయింది, మరుదినం పొద్దున్నే బెంగుళూరుకు బండెక్కినాడు.

ఇంటికొచ్చినప్పటి నుంచి కోడలు తిండి మానేసింది. పళ్ళెం పెడితే రెండు మెతుకులు నోట్లో వేసుకుని గోడ వైపు తిరుగుతాది. ఒట్టి కడుపుతో మాత్రలు మింగుతాది, అవి కక్కుకుంటాది. తినకపోతే కుట్లు మానవు, జ్వరం పట్టుకుంటాదని నర్సమ్మ మరీమరీ చెప్పి పంపింది. నాకు అదే గుబులు. బిడ్డను మట్టిచేసిన చేతులు ఇంట్లో అప్పటికే ఉండాయి, ఇంకొకసారి ఆ పని పడకూడదు.

పెడదామన్నా మా పొయ్యి మీద చప్పిడి తిండే. సావు జరిగిన ఇంట్లో పదకొండు దినాలు బాండ్లి పెట్టరు మా దిక్కు. తిరగవాత వేయకూడదు, ఏదీ వేయించకూడదు. ఉడకబెట్టిందే తినల్ల. ఇది చర్చిలో ఎవరూ చెప్పిన మాట కాదు. పాస్టరయ్య తప్పనడు, ఒప్పనడు. మా తాతల కాలం నుంచి మా వీధిలో అన్ని ఇళ్ళల్లో ఉండేదే. మా ఇంటాయన అక్క, నాకు వదిన, కోడలికి పెద్దమ్మ, పక్కింట్లోనే ఒంటరిగా ఉంటాది. నేను కాపురానికి వచ్చిన దినం నుంచి ఉప్పెంత పులుపెంత అని నాకు నేర్పింది ఆమే. ఆసుపత్రి నుంచి మేము రాకముందే ఆమె మా ఇంట్లోకి పోయి బాండ్లి కడిగి, పొయ్యి పక్కన బోర్లించి పెట్టింది.

మామూలుగా అయితే ఇంట్లో బాలింత ఉంటే ఐదో దినానికే కారం దంచుతాం. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, తెల్లగడ్డలు, ఓమ, రవ్వంత మిరపకాయ. వేడన్నంలో ఆ కారం, నెయ్యి కలిపి తొలి ముద్ద పెడతారు. పుండు మానుతాది, నడుముకు బలం వస్తాది. ఎదురైనోళ్ళంతా కారం దంచినారా, కారం దంచినారా అని అడుగుతారు. ఈసారి ఎవరూ అడగలేదు. నేనూ దంచలేదు. ఇంట్లో బిడ్డ లేకుండా బాలింత కారం ముందర పెడితే ఆ పిల్ల మనసు ఏమైపోతాదో అని భయపడినాను. బాండ్లి పెట్టకూడదనే మాట ఆ భయానికి తోడు దొరికింది.

ఏడో దినం సాయంత్రం ఎంగిలి పళ్ళెం తీసుకుని పోతాంటే, ఆ పిల్ల తనంతట తానే నోరు తెరిచింది.

"అత్తా, నోరంతా మట్టి తిన్నట్ల ఉండాది."

"ఏమన్నా తినాలనిపిస్తాందా అమ్మీ?"

దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత, "మా అంగట్లో ఒక పొడి ఉంటాండె. దాని వాసన మతికొస్తాంది" అనింది.

మా అంగడి అంటే బెంగుళూరులో ఆమె పనిచేసిన తిండంగడి. కడుపు పడేదాకా ఆడ వంటింట్లో ఉండింది. టాకో అని చేస్తారంట. మొక్కజొన్న పిండితో అరచెయ్యంత రొట్టె చేసి, మడిచి, లోపల కూరో గింజలో పెట్టి, ఆ పొడి చల్లి ఇస్తారు. పెళ్ళైన కొత్తలో ఆ సంగతి చెప్పినప్పుడు నేను ఎగతాళి చేసినాను. "రొట్టె మడిచి తినేది మా ఊర్లో గొర్రెలు కాసేటోళ్ళకు కూడా తెలుసు కదమ్మీ. దానికి అన్ని దుడ్లా?" అంటే, "మీ ఊరోళ్ళు మడిచి వాళ్ళే తింటారు అత్తా, మేము మడిచి అమ్ముతాం" అనింది. అట్ల మాటకు మాట అప్పజెప్పే పిల్ల.

కొడుక్కి ఫోన్ చేసినాను. "ప్యాకెట్టు దొరుకుతాదిమ్మా, కొని పంపుతా. నాలుగు దినాలు పడ్తాదేమో" అన్నాడు.

"నాలుగు దినాలు నీవు తినకుండా ఉండు చూద్దాం" అని ఫోన్ పెట్టేసినాను.

పోయి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. "ఆ పొడిలో ఏమేముంటాయో చెప్పు, నేను చేస్తా" అన్నాను. మూటలు మూటలు డబ్బాల్లోకి పోసిన చేతులు కదా, కండ్లు మూసుకునే చెప్పింది.

"మిరప్పొడి. రంగుకని ఇంకొక మిరప్పొడి, అది కారం ఉండదు. జీలకర్ర, ధనియాలు, మిరియాలు. తెల్లగడ్డ పొడి, ఎర్రగడ్డ పొడి. ఉప్పు, రవ్వంత చక్కెర. ఇంకొకటి ఎండాకు అత్తా, ఒరిగానో అంటారు. నలిపితే మన ఓమ మాదిరే వాసనొస్తాది."

నేను రాసుకోలేదు, నాకు ఒకసారి వింటే చాలు. ఆమె ఒక్కొక్కటి చెప్తాంటే నా మనసులో చెయ్యి ఒక్కో డబ్బా మీదికి పోతాండె. జీలకర్ర డబ్బా, ధనియాల డబ్బా, మిరియాలు, తెల్లగడ్డల బుట్ట, ఓమ సీసా. కడాకు వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. ఎర్రగడ్డ, చక్కెర తీసేస్తే అది బాలింత కారమే. నా రెండు కాన్పులకూ మా అత్త నాకు దంచి పెట్టింది అదే. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసునో, తెలీదో. నేను అడగలేదు.

మరుదినం పొద్దున్నే ఎర్రగడ్డలు పలచగా తరిగి మిద్దె మీద గుడ్డ పరిచి ఎండబెట్టినాను. మా దిక్కు ఎండకు సాయంత్రానికే గలగలమంటాయి. మా మిద్దె, వదిన మిద్దె ఆనుకునే ఉంటాయి. ఆమె బట్టలు ఆరేసేకి పైకొచ్చింది.

"ఏమ్మే, అదేంది?"

"ఎర్రగడ్డలు వదినా, ఎండబెడ్తాండా."

"ఎండబెడితే ఎవరొద్దంటారు. ఎండినాక ఏం చేస్తావ్?"

"పొడి కొడతా. పిల్ల నోరు తెరిచి అడిగింది."

"బాండ్లిలో ఏంచకుండా పొడి ఎట్ల అయితాది?"

"ఏంచుతా వదినా."

ఆమె చేతిలో తడిచీర అట్లనే పట్టుకుని నిలబడింది. "ఇంకా మూడు దినాలుండాది మే."

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "పెద్దోళ్ళకైతే పదకొండు దినాలు. ఊపిరి పీల్చని బిడ్డకు అంత పట్టింపు లేదంటాండారు కదా వీధిలో."

"వీధిలో అన్నారు సరే. నీవూ అంటివా?" అనింది. గొంతు పెంచలేదు. "పేరు పెట్టలేదు. తొట్టిల్లో వేయలేదు. ఒక్క చుక్క పాలు తాగలేదు. ఆ బిడ్డ కోసరమని మనం చేస్తాండేది ఆ బాండ్లి బోర్లించి పెట్టింది ఒక్కటే. అది కూడా తీసి పొయ్యి మీద పెడితే, ఆ బిడ్డ వచ్చి పోయినట్ల ఎవరికి గుర్తు?"

ముప్పై ఏండ్ల నుంచి ఆమెను ఆచారం మనిషి అనుకుంటాన్నాను. అది కాదు, ఆమె ఆ బిడ్డను లెక్కలో పెట్టుకోనుండాది. మా ఇంట్లో ఆ పని చేస్తాండేది ఆమె ఒక్కతే. తప్పు నాదేనని తెలుస్తానే ఉండాది, అయినా కింద గదిలో ఆ పిల్ల పడుకోనుండాది.

"వదినా, తల్లి కూడా పోతే ఇంకొక పదకొండు దినాలు చేయల్ల మనం" అన్నాను.

ఆమె చీర తీగ మీద వేసి, మెట్లు దిగిపోయింది.

ఎండ వాలేటప్పుడు బాండ్లి తిప్పి పొయ్యి మీద పెట్టినాను. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఓమ ఒక్కొక్కటే ఏంచి తీసినాను. తెల్లగడ్డలు పలచగా కోసి, పెళుసుగా అయ్యేదాకా సన్న మంట మీద పెట్టినాను. రంగుకు మా చేన్లో పండిన బ్యాడిగి మిరపకాయలు గింజలు దులిపి పెట్టుకున్నాను, కారానికి రెండే రెండు పొట్టి కాయలు. మిరపకాయల్లో ఉప్పు వేస్తే ఘాటు లేయదంటారు. వేసినాను. లేసింది.

మిరపకాయ ఘాటు దాచిపెట్టేకి అయ్యేది కాదు. కిటికీలో నుంచి వీధిలోకి పోయింది. వదిన వాళ్ళ ఇంటి ముందర కట్ట మీద కూర్చోనుండాది, ఆమె దగ్గు నాకు వినిపించింది. చేన్లో నుంచి వస్తాండే ఒకామె ఆడ నిలబడింది.

"ఏమక్కా, సావింట్లో బాండ్లి పెట్టినారే. మీ మరదలికి ఎవరూ చెప్పేటోళ్ళు లేరా?"

నేను గరిటె పట్టుకుని అట్లనే నిలబడిపోయినాను. వదిన చెప్తాది, ఇప్పుడు వీధంతా వినేటట్ల చెప్తాది అనుకున్నాను. ఆమె దగ్గింది, ఉమ్మింది, మళ్ళీ దగ్గింది.

"ఇంట్లో బాలింత ఉండాది మే. ఎనిమిది దినాలాయె. ఇప్పుడన్నా కారం దంచకపోతే ఇంకెప్పుడు దంచేది?"

"బాలింత అంటే, బిడ్డ లేదు కదక్కా..."

"బిడ్డ లేకుంటే కోసిన కడుపు దానంతటదే మానుతాదా? పోమ్మా, పోయి నీ ఎనుములు కట్టేసుకో. ఈడ నిలబడితే నీకూ దగ్గు పట్టుకుంటాది."

పొయ్యి తగ్గించి గదిలోకి పోయినాను. వీధి వైపు కిటికీ కిందనే ఆ పిల్ల మంచం. లేసి కూర్చోనుండాది.

"పెద్దమ్మ అట్ల అనింది ఎవరినత్తా?"

"నిన్నే అమ్మీ. ఈ ఇంట్లో ఇంకెవరుండారు బాలింత?"

ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు అప్పటిదాకా. డాక్టరమ్మ పేషంటు అనింది, చుట్టాలు పాపం అన్నారు. పిల్ల ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. ఎనిమిది దినాల ఏడుపు. నేను ఆపలేదు, వీపు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. కొంతసేపటికి ముక్కు చీదుకుని, "జీలకర్ర తక్కువ ఏంచినావు అత్తా. వాసన పచ్చిగా ఉండాది" అనింది.

గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పీట వేస్తే కూర్చుని, జీలకర్ర మళ్ళీ ఏంచమనింది. ఆపమన్నప్పుడు ఆపినాను. నేను రోట్లో దంచుతాంటే గుప్పెట్లో పట్టుకుని వాసన చూసి, ఇంకొంచెం ఓమ, ఇంకొక్క చిటికెడు చక్కెర అని చెప్పింది. మెత్తగా దంచొద్దు, కొంచెం పలుకుండల్ల అనింది. సరిగ్గా వాళ్ళ అంగడి పొడి కాదంట. దగ్గరికి వచ్చిందంట.

కొంచెం గిన్నెలో వేసి వదినకు తీసుకుపోయినాను. ఆమె గిన్నె తీసుకుని మూత పెట్టి గూట్లో పెట్టింది. "పదకొండో దినం తింటా. నా పొయ్యి మీద మాత్రం పెట్టను" అనింది. ఆమె పొయ్యి పక్కన ఆమె బాండ్లి కూడా బోర్లించి ఉండాది. పక్కింట్లోనే ఉండి కూడా నేను అది గమనించనే లేదు. నా ఇంట్లో తప్పిన దినాలు ఆమె తన ఇంట్లో నిలబెట్టుకుంది. ఇంటికి పో, పోయి రొట్టె కాల్చు, పొద్దుగూకుతాంది అని తరిమింది నన్ను.

చిన్న చిన్న జొన్నరొట్టెలు చేసినాను, మడిస్తే విరగకుండా మెత్తగా. ఉడికిన అలసందలు చిదిమి పొడి కలిపినాను. ఆ పిల్ల రొట్టెను అరచేతిలో పెట్టుకుని, గింజలు పెట్టి, పైన ఇంకొంచెం పొడి చల్లి, మడిచి కొరికింది. నమిలింది. మింగింది. నేను ఆమె గొంతునే చూస్తాన్నాను.

సగం తిన్నాక, నా వైపు చూడకుండానే అడిగింది. "అత్తా, నీవు చూసినావా?"

"చూసినా అమ్మీ. నా చేతికే ఇచ్చినారు."

"చెప్పు."

మరిచిపోవల్ల అన్నోళ్ళంతా మతికొచ్చినారు ఒక్క గడియ. తర్వాత చెప్పినాను. జుట్టు ఒత్తుగా ఉండె, తడికి నుదుటికి అతుక్కోనుండె. పై పెదవి నా కొడుకుదే, అలిగినట్ల. ఎడమ చెవి కొన కొంచెం మడత పడి ఉంటే, నా వేలితో సరిచేసినాను. గోర్లు పెరిగి ఉండాయి.

ఆ పిల్ల తింటానే వినింది. కండ్లలో నీళ్ళు కారుతానే ఉండాయి, తుడుచుకోలేదు. మొదటిది అయిపోయినాక పళ్ళెంలో నుంచి రెండో రొట్టె తీసుకుంది.

"రంగు?" అనింది, గింజలు పెట్టుకుంటా.

"నీ రంగే" అని చెప్పినాను.