సాయిలు పడగొట్టిన గోడ

నల్లగండ్లలో సాయిలు గురించి ఒక మాట తిరుగుతోంది. కంచకు ప్లాట్ల వెంచర్ వాళ్లు కట్టిన గోడను ఆయన ఒక్కడే గడ్డపారతో పడగొట్టాడట. ఆయన కళ్లు చూసి సెక్యూరిటీ వాళ్లు పారిపోయారట. మా అమ్మ పనిచేసే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తిరుపతి అయితే ఇంకో రకంగా చెబుతాడు. "గడ్డపార ఏంది? బర్రెలను ఉసిగొల్పి కొమ్ములతోటి పొడిపిచ్చిండు!"

బర్రెలు గోడను పొడుస్తాయా అని అడగబోయి ఊరుకున్నాను.

సాయిలు ఇంటి వెనక రేకుల గదిలో మేము కిరాయికి ఉండేవాళ్లం. ఆయన సన్నటి మనిషి, కాస్త ఒంగి నడుస్తాడు. ఒకప్పుడు బర్రెలు కాసేవాడు. ఇప్పుడు ఓ అద్దాల బిల్డింగు కంపెనీలో పచ్చిక కత్తిరించే పని. కత్తిరించిన గడ్డిని సంచిలో కుక్కి తెచ్చి తన వదిన భూలక్ష్మి బర్రెల ముందు పోస్తాడు. అవి వాసన చూసి మొహం తిప్పుకుంటాయి. "మందు కొట్టిన గడ్డి నా బర్రెలకు ఎందుకయ్యా?" అని ఆమె తిడుతుంది. మరునాడు మళ్లీ తెస్తాడు. ఎందుకు తెస్తాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

కంచ అంటే ఊరందరి మేత భూమి. అది దాటితేనే చెరువు. ఎండ ముదిరేసరికి బర్రెలు నీళ్లలో పడాలి, లేకపోతే సాయంత్రం పాలు చేపవు. గోడ లేచిన రోజు భూలక్ష్మి బర్రెలు ఎప్పటిలాగే వాటంతట అవే బయల్దేరాయి. గోడ దగ్గర ఆగి, తలలు దానికి ఆనించి నిలబడ్డాయి. అదిలించినా కదల్లేదు. చుట్టూ తిరిగి పోదామంటే కార్ల రోడ్డు. కొద్దిరోజులకే పాలు సగమయ్యాయి. ఇట్లాగే ఉంటే బర్రెలను అమ్ముకోవడం తప్ప ఆమెకు దారి లేదు.

ఊరివాళ్లు గోడ ముందు బైఠాయించారు. మండలాఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. వెంచర్ మేనేజరు బుల్లిబాబు కోస్తా మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"తీయమంటే తీస్తామండి. మరి సాయిలు గారి ఇంటి వెనక గోడ కూడా కంచలోనే ఉంది కదండీ? దాన్ని ఎవరూ అడగరే?"

సాయిలు ఎప్పుడో కంచలో కొంత కలుపుకుని గోడ కట్టాడు, దానికి ఆనించి కిరాయి గదులు వేశాడు. ఊరందరికీ తెలుసు. కలుపుకున్న ఆ మేతకు బదులే ఆయన తెచ్చే గడ్డి సంచి అని నాకు అప్పుడు అర్థమైంది.

భూలక్ష్మే నోరు విప్పింది. "ఏం మరిదీ, నీ గోడ లేసిననాడు నువ్వు పోసిన కల్లు అందరం తాగితిమి. ఇప్పుడు మాకు నోరెట్ల లేస్తది?"

వెనక నుంచి ఎవరో అన్నారు: "వెంచరోళ్లు గూడ కల్లు పోస్తరేమో అడుగరాదు!"

బుల్లిబాబుతో సహా అందరూ నవ్వారు. సాయిలు నవ్వలేదు.

సారు మాత్రం తేల్చి చెప్పాడు. "కంచలో ఎవరి గోడైనా ఒక్కటే. ఒకరిది ఉంచి ఒకరిది తీయమని నేను చెప్పలేను."

"నాది తీస్తే బర్రెలకు తొవ్వ ఇడిపిస్తవా సారూ?"

"తప్పకుండా."

సాయిలు లేచి పంచె దులుపుకున్నాడు.

"యాడికి?" అంది భూలక్ష్మి.

"గడ్డపారకు."

గోడ దగ్గరున్నవాళ్లు విన్నది అంతవరకే. ఊళ్లో మాట అక్కడే పుట్టి ఉంటుంది.

ఆయన నేరుగా ఇంటికి వచ్చాడు. భార్య సాయమ్మ గడపలో అడ్డం నిలబడింది. "ఆ గోడ పోతే గదులు పోతయ్. ఏం తిని బతుకుదాం? పిచ్చి లేసిందా?"

"వదిన బర్రెలు గోడకు తలకాయ పెట్టి నిలబడ్డయ్. నువ్వు చూడలే?"

సాయమ్మ చూసింది. అందుకే కాబోలు పక్కకు జరిగింది.

ఆయన మా గదిలోకి తొంగి చూశాడు. "బిడ్డా, జర ఆ పొయ్యి ఇవతలికి జరుపు."

పొయ్యి జరిపాను. సామాను బయట పెట్టుకున్నాం. గోడ గట్టిది, మొదటి దెబ్బకు సున్నం పెచ్చులే రాలాయి. ఆయన ఆగలేదు. సాయమ్మ తిడుతూనే ఇటుకలు ఏరి కుప్ప పోసింది. మేము పక్క గల్లీలో ఇంకో గది చూసుకున్నాం.

తరువాత కంచ గోడలో బర్రెలకు దారి తెరిచింది వెంచర్ వాళ్ల జేసీబీయే. అప్పుడు సాయిలు అక్కడ లేనేలేడు, కంపెనీలో పచ్చిక కత్తిరిస్తున్నాడు. ఆయన గడ్డపార తగిలింది ఆయన కట్టుకున్న గోడకే.