తిథి కుదరని కర్మ

నా చిన్నప్పుడు హైదరాబాద్ పాతబస్తీలో మా హుస్సేనీ ఆలం గల్లీలోకి జీపు వస్తే పిల్లలం ఆట ఆపి ఎదురింటి పెద్దమ్మ వైపు చూసేవాళ్ళం. ఆమె చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. నేను పుట్టకముందు, కాలేజీలో చదివే ఆమె ఒక్కగానొక్క కొడుకును అలాంటి జీపులోనే ఎక్కించుకుపోయారు. మీటింగుల్లో గట్టిగా మాట్లాడేవాడట. ఠాణాకు పోతే, మేము తేలేదు పొమ్మన్నారట. నేనెన్నడూ చూడని ఆ మనిషి కోసం నేనూ గల్లీ మలుపు దాకా చూసేదాన్ని.

ఏళ్ళ తరబడి జాడలేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, దానికే దహనం చేసే ఆచారం మాలో ఉంది. పెద్దమ్మ బావగారు అది చేయించమని పురోహితుడైన మా తాతయ్య దగ్గరికి వచ్చాడు. "ఎన్నేండ్లు చూస్తం అయ్యగారూ? ఆత్మ తిరుగుతుంటది. లొల్లి లేకుంట కానియ్యండి" అన్నాడు. ఆయన ఫికరు ఆత్మ గురించి కాదు, పెద్దమ్మ ఠాణాల చుట్టూ తిరిగితే తన దుకాణం మీదికి ఏం వస్తుందోనని.

పెద్దమ్మ తలుపు పక్కనే ఉంది. "వాడు చచ్చిండని ఎవరు చూసిన్రు? బొమ్మను కాలవెడితే రేపట్నించి వాణ్ని ఎవ్వరు దేవులాడరు" అంది.

తాతయ్య పంచాంగం తిరగేసి ఈ నెల తిథి కుదరదన్నాడు. మళ్ళీ వస్తే మూఢం అన్నాడు. ఆ తర్వాత నక్షత్రం అన్నాడు. పెళ్ళిళ్ళకు ఎలాగోలా ముహూర్తం కుదిర్చిపెట్టే మనిషికి దీనికి మాత్రం ఒక్క రోజూ దొరకలేదు. అబద్ధమాడుతున్నవా తాతా అని అడిగేశాను. ఆయన నవ్వలేదు.

"అవును బిడ్డా. తీస్కపోయినోళ్ళు జవాబు చెప్పాలె. నేను మంత్రం చదివితే వాళ్ళ జవాబు నేనే చెప్పినట్టయితది."

మొన్న మనవరాలు ఫోన్‌లో మెక్సికో తల్లులను చూపించింది. అక్కడ అలా మాయమైనవాళ్ళు లెక్కలేనంత మందట. ఎత్తుకుపోయేది ముఠాలే అంటారు, కొన్నిచోట్ల యూనిఫాం వాళ్ళూ కలిశారంటారు. సర్కారు సరిగ్గా వెతకదు కాబట్టి తల్లులే బీడు భూముల్లో ఇనుప చువ్వ దింపి, పైకి లాగి, కొనను వాసన చూస్తున్నారు. కింద శవం ఉంటే తెలుస్తుందట. ఒకావిడ వాసన చూసేముందు కళ్ళు మూసుకుంది. దొరకాలని మొక్కుకుందో, దొరకొద్దని మొక్కుకుందో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెద్దమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఆ రోజు కర్మకు బావగారి కొడుకు కూర్చున్నాడు. తాతయ్య ఇంటి ముందే సంకల్పం చెప్పాడు. జీపులో పోయిన కొడుకు పేరూ గోత్రమూ చదివి, అతను ఊళ్ళో లేనందువల్ల అతని బదులు ఇతను చేస్తున్నాడన్నాడు. ఊళ్ళో లేడు, అంతే. బావగారి ముఖం మాడిపోయింది.

ఇప్పుడు ఆ పేరు తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే అతని గురించి అడిగేవాళ్ళే ఉండరని నాకు భయం. అందుకే మనవరాలికి ఆ పేరు చెప్పాను.

"చచ్చిపోయిండా అమ్మమ్మా?" అంది.

"ఇంకా ఎవ్వరు చెప్పలేదు బిడ్డా" అన్నాను.