ఒత్తు లేని గది

బడిలో ఆమెను అందరూ కౌన్సిలరమ్మ అంటారు. పిల్లల మనసులోని బరువు దింపే కొలువు ఆమెది. అలాంటి కొలువొకటి ఉంటుందని అక్కడ చాలామందికి తెలియదు. చేరిన కొత్తలో ఒక తండ్రి విసురుగా గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా, మా వీధి కాలవ పొంగి ఇంట్లోకి వస్తోంది. ఓట్లప్పుడు ఇంటింటికీ తిరుగుతారు గదా, ఇప్పుడు కాళ్ళు నొప్పులా?" అని నిలదీశాడు.

ఆమె మంచినీళ్ళిచ్చి, కాలవ సంగతి సాంతం విన్నది. ఆ తరువాతే ఓట్లతో గెలిచే ఆ కౌన్సిలరు తాను కాదని చెప్పింది. ఆయన నాలుక కరుచుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అయినా నా మాట ఇంతసేపు విన్నవాళ్ళు లేరమ్మా" అని చెప్పి వెళ్ళాడు.

పూర్వం ఆమె చిన్న తరగతులకు అక్షరాలు దిద్దించేది. పలక పట్టుకున్న వేళ్ళు వణకడం చూసీ చూసీ, వణుకు వేళ్ళది కాదని తెలుసుకుంది. నలభై దాటాక మళ్ళీ పుస్తకాలు పట్టి, పరీక్షలు రాసి, ఈ పనికి వచ్చింది. రోజూ తాళం తీసేముందు తలుపు మీద అరచెయ్యి ఆనించి, "స్వామీ, ఎవరిని పంపుతావో పంపు. వాళ్ళకు సరిపడే మాట కూడా నువ్వే పంపు" అనుకునేది. మాటల సంగతేమో గాని, పిల్లలనైతే స్వామి పంపలేదు.

కారణం తలుపు మీదే ఉంది. ఒకనాడు ఆమె పెందలాడే వచ్చేసరికి, బడి ఊడ్చే ఆయమ్మ తడిగుడ్డతో ఆ తలుపు గబగబా తుడుస్తోంది. సగం చెరిగిన సుద్ద అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. పిచ్చి గది.

"రోజూ రాస్తున్నారా ఆయమ్మా?"

"వెధవలు, వాళ్ళకేం తెలుసమ్మా! మీ కంట పడకూడదనే నేను ముందొస్తున్నాను" అంటూ ఆయమ్మ గుడ్డ వెనక్కి దాచింది. అన్నాళ్ళూ తనకోసం ఒక మనిషి నిద్ర మానుకుని వస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ రోజే పెద్దసారు కబురు పెట్టాడు. ఆయన హెడ్మాస్టరు కాకముందు తెలుగు పంతులు. "శుక్రవారం దాకా చూస్తానమ్మా. ఒక్క పిల్లయినా రాకపోతే ఆటసామాను ఆ గదిలో సర్దిస్తాను. బంతులు మెట్లకింద తడుస్తున్నాయి, మీ కుర్చీలేమో ఖాళీగా ఉన్నాయి" అన్నాడు.

ఆమె బెంగ కుర్చీల గురించి కాదు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఒకటో తరగతి నుంచీ మొదటి ర్యాంకే గనక అందరూ ఆ పిల్లను 'ఫస్టు' అనే పిలుస్తారు. అలాంటి పిల్ల ఈమధ్య పరీక్షల్లో తెల్లకాగితం ఇచ్చేస్తోంది. పొగరన్నారు కొందరు, బద్ధకమన్నారు కొందరు. కౌన్సిలరమ్మ మాత్రం కిటికీలోంచి చూసింది. ఆ పిల్ల ఒక వాక్యం రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం, కాగితం చిరిగేదాకా కొట్టేయడం, చివరికి ఇంకో తెల్లకాగితం తీసి ఇచ్చేయడం. వసారాలో పట్టుకుని ఒకసారి గదికి రమ్మంది.

"నేను రాను టీచర్. వస్తే నాకు పిచ్చంటారు" అని ఆ పిల్ల తల వంచుకుని పారిపోయింది.

ఆ రాత్రి కంచం ముందు పెట్టుకుని ఆమె అదే ఆలోచనలో ఉంటే, తల్లి కసిరింది. "ఓసి పిచ్చిదానా! తిండి మాని ఎవర్ని ఉద్ధరిస్తావే?"

ఆమె తలెత్తి తల్లిని చూసింది. జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా, తండ్రి పోయిన నాడు ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చినా, తల్లి నోట వచ్చింది ఆ మాటే. పిచ్చిదానా, పిచ్చి తల్లీ. ఇంట్లో ఇంత ముద్దైన మాటను బడి తలుపు మీద రాయిలా విసురుతుంటే తాను వంగి తప్పుకోవడమెందుకు?

తెల్లవారగానే బడి గేటుకు వెయ్యగా మిగిలిన నీలం రంగు, ఒక లావుపాటి కుంచె సంపాదించింది. తలుపు మీద ఆ సుద్ద మాటనే బారెడు అక్షరాలతో రాసింది. కింద, 'తలుపు తట్టక్కర్లేదు, తోసుకు రండి' అని కూడా రాసింది.

ఆయమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "అయ్యో అయ్యో, మీరే రాశారేంటమ్మా!"

"సుద్దతో రాస్తే తుడిచావుగా. ఇది తుడువు చూద్దాం!"

మధ్యాహ్నం దాకా పిల్లలు గుంపులుగా వచ్చి నవ్విపోయారు. ఎవరూ లోపలికి రాలేదు. అన్నం గంట కొట్టాక తలుపు కొంచెం కదిలింది. ఫస్టు!

"టీచర్, ఒత్తు లేదు."

"ఏ ఒత్తు?"

"చి కింద ఒత్తు. పిచి గది అని రాశారు."

ఆమె బయటికొచ్చి చూసుకుంది. ఎంతమందికో అక్షరాలు దిద్దించిన చెయ్యి! వెంటనే కుంచె అందుకోబోయి ఆ పిల్ల మొహం చూసింది. అందులో వెక్కిరింత లేదు. టీచరుకు ఇప్పుడేమవుతుందో అన్న హడలు ఉంది. ఆమె కుంచె వదిలేసింది.

"ఉండనీ."

"అందరూ చూస్తారు టీచర్!"

"పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నారుగా."

"మీకు భయం వెయ్యట్లేదా?"

"ఎందుకు వెయ్యదూ? చెవులు కాలిపోతున్నాయి. లోపలికి రా, ఇద్దరం కూర్చుని భయపడదాం."

ఆ పిల్లకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వచ్చి కూర్చుంది, కూర్చున్నాక ఏడ్చింది. కౌన్సిలరమ్మ ఊరుకోమనలేదు.

"ఒక మార్కు తగ్గినా నాన్న తిట్టడు టీచర్. ఆ రోజు నాతో మాట్లాడడు, అంతే. తెల్లకాగితంలో తప్పులుండవు కదా." కళ్ళు తుడుచుకుని అడిగింది. "నాకు నిజంగా పిచ్చా?"

"కాదమ్మా. భయం బాగా ముదిరింది. మన ఇద్దరి వల్ల తగ్గకపోతే డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. మీ నాన్నతో కూడా మాట్లాడదాం, నువ్వు సరే అంటేనే."

"ఆయన మీకు తెలుసు టీచర్. కాలవ గురించి మీ మీద అరిచింది ఆయనే."

ఇంతలో తలుపు బయట పెద్దసారు గొంతు. ఆయన వెనక కిరసనాయిలు డబ్బా, గుడ్డతో ఆయమ్మ.

"ఏమిటమ్మా ఈ రాత? తల్లిదండ్రులు చూస్తే? అందులోనూ ఒత్తు లేకుండా!" ఆయనకు ఆ రెండోదే ఎక్కువ మండినట్టుంది. "తుడిపించండి!"

ఆమె గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. "తుడవను సార్."

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది. అందుకే తుడవను. నిన్న ఫోనులో మీ మనవరాలిని పిచ్చి తల్లీ అని పిలిచారు, వసారా అంతా వినబడింది. ఆ పిల్లకేమైనా జబ్బా సార్?"

"ఆ పిచ్చి వేరు!"

"ఇదీ ఆ పిచ్చే."

పెద్దసారు ఆయమ్మ వైపు తిరిగాడు. "ఆయమ్మా, నువ్వు కానీ" అన్నాడు.

"మూత రావట్లేదండీ" అంది ఆయమ్మ, మూత లేని డబ్బాను కొంగుచాటుకు లాక్కుంటూ.

"పోనీ ఆ ఒత్తయినా పెట్టండి!"

"పెట్టొద్దు సార్" అని లోపలినుంచి వినబడింది. ఫస్టు లేచి వచ్చి టీచరు పక్కన నిలబడింది. "అది తప్పేనని నాకూ తెలుసు. అలాగే ఉండనివ్వండి."

ఆయన ఆ పిల్లను చూశాడు, ఏడ్చి వాచిన కళ్ళు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం బంతులు మెట్లకిందే తడిశాయి. సాయంత్రం ఫస్టు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తలుపు ముందు ఆగి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, నొసలు ముడిచాడు.

"ఇదేంటే, ఒత్తు..."

"తెలుసు నాన్నా" అంటూ ఆ పిల్ల తట్టకుండానే తలుపు తోసింది.