సరోజక్క శుక్రవారపు పాఠం

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, కింద జిరాక్స్ షాపులోని యంత్రం అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం చెవులకు తగలగానే నాకు శుక్రవారం గుర్తుకొచ్చింది. ముంబై దగ్గరి భివండిలో పుట్టి పెరిగినవాళ్ళకు నిశ్శబ్దమంటే శుక్రవారమే. ఆ ఒక్కరోజు మరమగ్గాలకు సెలవు. మిగతా రోజుల్లో మా కామత్‌ఘర్ గల్లీలో పక్క మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అందుకే సరోజక్క నాకు జావా అనే కంప్యూటర్ భాష పాఠం శుక్రవారమే చెప్పేది.

సరోజక్క మా పక్కింటి కోడలు. కరీంనగర్‌లో డిగ్రీ చదివి, పెళ్ళయి భివండికి వచ్చింది. కింద ఆమె భర్త, మా బావ, మగ్గాలు నడిపేవాడు. పైన రేకుల గదిలో ఆమె పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఎవరిని కదిపినా వెబ్‌సైట్ల మాటే వినిపించేది. నా బీకాం అయిపోయింది. నాన్న నన్ను చిన్నాన్న నూలు దుకాణంలో బిల్లులు రాయడానికి కూర్చోబెడతానన్నాడు. దసరాదాకా ఆగమని ఆయనను ఒప్పించింది సరోజక్కే. నిజానికి ఆమెకూ అప్పటికి ఆ భాష పూర్తిగా రాదు. మొదటి రోజే ఆ సంగతి చెప్పేసింది.

"నాకు గూడ సగమే వస్తదే. నీకంటే నాలుగు పేజీలు ముందున్న, గంతే. ఇద్దరం కలిసి నేర్సుకుందాం."

జావాలో దేనికైనా పేరు పెట్టేముందు అది అంకెనా, అక్షరాలా అన్నది చెప్పాలి. చెప్పిన మాటకు కట్టుబడాలి. తేడా వస్తే, రాసిందాన్ని సరిచూసే కంపైలర్ అక్కడే ఆపేసి తప్పుల వరుస చూపిస్తుంది. మరాఠీ మీడియంలో చదివిన నాకు ఆ ఇంగ్లీషు వరుసలు కనిపిస్తే చదవకుండానే దాటేసేదాన్ని. ఒకసారి అక్క బట్టల ఆర్డర్లకు ఒక వెబ్ పేజీ చేయమంది. రెండు గళ్ళలో తాన్ల లెక్క కొడితే మొత్తం చూపించాలి. గళ్ళలోంచి వచ్చేదాన్ని అంకె అని రాశాను. కంపైలర్ ఒప్పుకోలేదు. ఎంత చూసినా కారణం అంతుపట్టలేదు. విసుగొచ్చి అంకె అన్నచోటల్లా అక్షరాలు అని మార్చేశాను. తప్పులన్నీ మాయమయ్యాయి. గర్వంగా అక్కను పిలిచి ఒక గడిలో పన్నెండు, ఇంకో గడిలో ఐదు కొట్టాను. మొత్తం నూట ఇరవై అయిదని వచ్చింది.

అక్క పగలబడి నవ్వింది. నా ముఖం చూసి నవ్వాపుకుంది.

"ఎర్రర్ పోయింది గని తప్పు పోలే. పేజీల కొట్టింది నీ కండ్లకు అంకె లెక్క కనవడ్తది. లోపటికొచ్చేది మాత్రం అక్షరాలే. అందుకే పన్నెండు పక్కన ఐదు తెచ్చి పెట్టింది. వచ్చింది ఏందో ముందుగాల ఉన్నదున్నట్టు ఒప్పుకో, అటెన్క దాన్ని అంకె చెయ్యి."

"అది ఊకె తిడ్తనే ఉంటదక్కా. నాకు భయమైతది."

"తిడ్తలేదే పిల్లా, చెప్తున్నది. నువ్వే సదువుతలేవు."

ఆ రోజు మొదటి తప్పును మళ్ళీ రప్పించి, ఆ వరుసను పైకి చదివించి, ఒక్కో మాటకు తెలుగులోనో హిందీలోనో అర్థం చెప్పించింది. చదువుతుంటే అది నిజంగానే ఎవరో ఓపిగ్గా చెబుతున్నట్టుగా ఉంది. కరెంటు పోతే కూడా పాఠం ఆగేది కాదు. ఆమే కంపైలర్ అయి కళ్ళు మూసుకుని కూర్చునేది. నేను కాగితం మీద రాసుకున్న ప్రోగ్రాం చదువుతుంటే తప్పు వచ్చినచోట "ఆగు" అనేది. ఎందుకో చెప్పేది కాదు, నన్నే వెతుక్కోమనేది.

దసరా దగ్గరపడుతుండగా ఠాణేలో వెబ్‌సైట్లు చేసే చిన్న కంపెనీ ఒకటి పరీక్ష పెట్టి మనుషులను తీసుకుంటోందని తెలిసింది. "నేను గూడ రాస్తనే" అంది అక్క, కొంచెం సిగ్గుపడుతూ. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. పక్కపక్కనే కూర్చుని పరీక్ష రాశాం. తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి మాట్లాడారు. సాయంత్రం వాళ్ళు చదివిన పేర్లలో నా పేరుంది. అక్క పేరు లేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ధైర్యం చేసి, "ఏమన్నరక్కా?" అని అడిగాను.

"పేపర్ అందరికంటే మంచిగ రాసిన్నంట. గని ఉమర్ ఎక్కువైందంట. చిన్నపిల్లలు కావాల్నంట."

నాకు ఏడుపొచ్చింది. "నేను గూడ పోనక్కా" అన్నాను.

"పిచ్చి మాటలు మాట్లాడకు. పోవాలె" అని గట్టిగా అంది. బస్సు దిగి మా గల్లీ మలుపు దగ్గరికి వచ్చాక ఆగింది. "నీకు నౌకరి వచ్చింది, నాకు మస్తు సంతోషమైతున్నది. నాకు రాలే, మస్తు దుఃఖమైతున్నది. రెండూ ఉన్నయి. ఇయ్యాల మా ఇంటికి రాకు. రేపు రా."

అంతవరకు నాతో ఏ పెద్దవాళ్ళూ అలా మాట్లాడలేదు. మా ఇళ్ళలో దుఃఖం వస్తే గిన్నెలు చప్పుడు చేసేవి, లేదా రోజుల తరబడి మాటలు ఆగిపోయేవి. కారణం ఏమిటో ఎవరికి వారు ఊహించుకోవాల్సిందే. అక్క నాకు ఊహించుకునే పని పెట్టలేదు. ఆమె సంతోషం అబద్ధం కాదన్న నమ్మకం నాకు దుఃఖమన్న ఆ రెండో మాట వల్లనే కలిగింది.

మరునాడు వెళ్ళేసరికి ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చాయ్ ఇచ్చి, కంప్యూటర్ ముందున్న తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. తాను పక్కన స్టూలు లాక్కుంది. "ఆఫీసుల ఏం నేర్సుకుంటవో వచ్చి నాకు చెప్పాలె. ఇగ నువ్వే నాలుగు పేజీలు ముందుంటవ్" అంది. నాకు సెలవు ఆదివారం, మగ్గాలకు శుక్రవారం. కాబట్టి ఆ తర్వాత మా చదువంతా మగ్గాల మోతలో అరుచుకుంటూనే సాగింది. కొంతకాలానికి టెంఘర్‌లోని ఒక బట్టల వ్యాపారికి ఆమె ఒక్కతే సైట్ చేసి ఇచ్చింది. ఆయన ఇంకొకరికి చెప్పాడు. ఆ రేకుల గదికే పని వెతుక్కుంటూ రాసాగింది. మళ్ళీ ఆమె ఎక్కడా పరీక్ష రాయలేదు.

జావాతో నాకిప్పుడు పెద్దగా పని పడడం లేదు. ఒక్కోరోజు ఆఫీసు నుంచి చిరాకుగా ఇంటికొస్తాను. నా కూతురు గుమ్మంలోనే నా ముఖం చూసి ముడుచుకుపోతుంది. అప్పుడు చెప్పులు విప్పకముందే దానికి చెబుతాను: "నాకు కోపంగా ఉంది. నీ మీద కాదు. కాసేపాగి రా." అది తలూపి ఆడుకోవడానికి పోతుంది. కాసేపాగి వస్తుంది.