అమ్మ ఉందని చెప్పకుండా

మిర్యాలగూడలో మా ఓనరమ్మ రోజూ పొద్దున్నే అమ్మ ఎలా ఉందని అడిగేది. మంచం పట్టిన ముసలామెను పలకరించేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారని నేను మురిసిపోయేదాన్ని. ఒకరోజు గేటు దగ్గర ఆపి అసలు సంగతి చెప్పింది.

"ఏమనుకోకు టీచరమ్మా. ఇల్లు కట్టి ఏడాదన్న కాలే. పెద్దమ్మకు ఏమన్న అయితే, నక్షత్రం మంచిగ లేకుంటే ఆర్నెల్లు ఇల్లు మూసిపెట్టాలె. మా మిల్లుకు గూడ మంచిది కాదంటున్రు. ఈ నెలాఖరుకు ఏరే ఇల్లు సూస్కో."

"ఏ నక్షత్రంల పోతే మీ మిల్లుకు లాభమో చెప్పున్రి. అమ్మను గట్లనే పొమ్మంట" అన్నాను.

నోటికి వచ్చింది అనేశాను గానీ, గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. మా వైపు కిరాయి ఇంట్లో చావు రాకూడదు. ఆ ముందు వానాకాలమే మా వీధిలో చూశాను. కిరాయికి ఉండే ఒకాయన దవాఖానలో పోతే, శవాన్ని గేటు లోపలికి రానివ్వలేదు. రోడ్డు పక్కన టెంటు వేసి, బెంచీ మీద పెట్టారు. వాన పడుతోంది. ఆయన భార్య కొంగుతో ఆయన మొహం మీది నీళ్ళు తుడుస్తూ కూర్చుంది. ఓనరమ్మ మాట అయ్యాక నాకు కళ్ళు మూస్తే ఆ బెంచీయే. దాని మీద మా అమ్మ.

సర్కారు డబుల్ బెడ్రూం ఇంటికి ఎప్పుడో దరఖాస్తు పెట్టుకున్నాను. చీటీలు తీసినప్పుడు నా పేరు రాలేదు. స్కూల్లో ఉద్యోగం పోయాక ట్యూషన్లే నాకు ఆధారం. ఆ సంపాదనకు దొరికే గదుల కోసం తిరిగాను. కోదాడలో ఒకాయన ఇల్లంతా చూపించి, చివర్న "ముసలోళ్ళెవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే కుదరదండీ, ఏమీ అనుకోకండి" అని ఎంత మర్యాదగా అన్నాడంటే, తిట్టడానికి కూడా సందు దొరకలేదు.

తిరిగొస్తూ సూర్యాపేట బస్టాండులో ఇళ్ళ బ్రోకరుతో ఫోన్లో గొడవపడుతున్నాను. పక్కన కూర్చున్న ఆమె అంతా విని, ఫోన్ పెట్టేయగానే అడిగింది.

"ఇల్లు గావాల్నా అక్కా?"

తిరుమలగిరి దగ్గర ఊరు వాళ్ళది. గొర్లు కాసుకునే కుటుంబం. సూర్యాపేట చివర డబుల్ బెడ్రూం కాలనీలో, మూడో అంతస్తులో ఇల్లు వచ్చింది. గొర్లను వదిలి రాలేరు. తాళం పడి ఉంటే ఇల్లు వాపసు తీసుకుంటారని భయం.

"దీపం పెట్టెటోళ్ళు ఉంటే సాలు. కిరాయి నీకు తోచినంత ఇయ్యి. ఎవరన్న అడిగితే నాకు అక్కనవుతనని చెప్పు. ఎంతమంది ఉంటరు?"

"ఇద్దరం" అన్నాను. రెండో మనిషి ఎవరో, ఏ స్థితిలో ఉందో చెప్పలేదు. సర్కారు ఇల్లు కిరాయికి తీసుకోవడం చట్టప్రకారం తప్పు. నాకు తెలుసు. మనిషి చావడానికి చోటు చూపించే చట్టం ఏదన్నా ఉంటే దాన్ని కూడా తెలుసుకుందును.

అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు హమాలీలతో పైకి ఎక్కించాను. దారి పొడుగునా అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పైకి వచ్చాక మాత్రం "మళ్ళ దింపుడు లేదు గదా?" అంది.

నెల తిరక్కుండానే సర్కారు ఆఫీసు నుంచి చెకింగుకు వచ్చారు. ఇద్దరు. ఒకాయన చేతిలో ఫోన్.

"ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

"మా చెల్లె పేరు మీద. ఊరికి పోయింది."

ఆయన ఫోన్లో చెల్లె వివరాలు చూశాడు, నన్ను చూశాడు, గోడ వారగా ఉన్న ట్యూషన్ పుస్తకాలు చూశాడు, తెరిచి ఉన్న ఇంగ్లీషు గ్రామరు చూశాడు.

"చెల్లె గొర్లు కాస్తది, అక్క ఇంగ్లీష్ చెప్తది. మంచిగుందమ్మా మీ ఖాందాన్!"

ఇంకెక్కడైనా అయితే ఆ మాటకు వాడి ఏడు తరాలూ లేచి వచ్చేవి. ఆ రోజు తల వంచుకుని గ్రామరు పుస్తకం మూసేశాను. లోపల అమ్మ దగ్గింది. ఆయన అటు తొంగి చూసి, ఏమీ అడగకుండా గుమ్మం ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు.

"సోమవారం మళ్ళొస్తం. అసలు మనిషి ఉండాలె. లేకుంటే సీల్ ఏస్తం."

ఇల్లు ఇచ్చిన ఆమెకు ఫోన్ చేశాను. ఆమె మర్నాడే మొదటి బస్సుకు దిగింది, చేతిలో బట్టల సంచితో. తలుపు తీశానే గానీ గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాను. ఆమె నన్ను పక్కకు జరిపి లోపలికి వెళ్ళింది. మంచం మీద అమ్మను చూసింది. మందుల వాసన, కింద బెడ్‌పాన్. తిరిగి నా వైపు చూసింది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే అక్కా?"

"చెప్తే ఇస్తవా?"

"నన్నడిగినవా ఇస్తనో ఇయ్యనో? నువ్వే అడిగి నువ్వే జవాబు చెప్పుకుంటివి."

పోట్లాటలో నా మాట చివరిది కాకపోవడం నాకు అలవాటు లేదు. వెళ్ళిపొమ్మంటుందేమోనని ఎదురు చూస్తున్నాను. ఆమె సంచి తీసి పక్క గదిలో పెట్టింది.

"సోమారం దాంక నేను గూడ ఉంట. తర్వాత గూడ వచ్చుకుంట పోవుకుంట ఉంట. గొర్లను మా ఆయన సూసుకుంటడు. కిరాయి సంగతి ఇడిసిపెట్టు, నాకింత బువ్వ పెట్టు."

అప్పుడు అమ్మ అడిగింది. గొంతు సన్నగా, పిల్లలు పర్మిషన్ అడిగినట్టు.

"బిడ్డా, నేను ఈడ సస్తే నీకేం గాదా?"

ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నా వైపు చూసి, మళ్ళీ అమ్మ వైపు తిరిగింది.

"ఇంట్ల గాకపోతే ఏడ సస్తరే ముసల్దానా?"

అమ్మ నవ్వింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. సోమవారం వాళ్ళు వచ్చారు, ఆమెను ఫోటో తీసుకున్నారు, మళ్ళీ వస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు. అందుకే ఆమె ఊరికి పోయిన రోజుల్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నేను అమ్మ గది తలుపు దగ్గరికి వేసి, ఆ చప్పుడు రెండో అంతస్తులో ఆగిపోవాలని నిలబడి వింటాను.