మూడు చుక్కల జీడి గుర్తు

మా అమ్మ రాఘవమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా మాచవరంలో అరవై ఇళ్ల గుడ్డలు గుట్టగా పోసి ముందు పెడితే, ఏది ఎవరిదో తడుముకోకుండా చెప్పేసేది. ఒక్కో ఇంటికి ఒక్కో జీడి గుర్తు. కరణంగారింటికి నిలువు గీత, పెదకోటయ్యగారింటికి అడ్డగీత, గోపాలకృష్ణయ్యగారింటికి మూడు చుక్కలు. నల్లజీడి గింజకు సూది గుచ్చి, మొనకంటిన రసంతో చీరకైతే నడుమున దోపే లోచెంగు మూల, రవికకైతే మెడ వెనక గుర్తు పెట్టేది. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోదు.

జీడితో ఒక చిక్కుంది. పచ్చిరసం ఒంటికి తగిలితే కొందరికి పొక్కుతుంది, కొందరికి ఏమీ కాదు. అందుకని గుర్తు పెట్టగానే దానిమీద తడి సున్నం రాసి, ఆరబెట్టి, బానలో ఉడకేశాకగానీ గుడ్డను ఇంటికి పంపేవాళ్లం కాదు. చాకలింట పుట్టిన ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. మా అమ్మ తన బతుకులో ఒక్కసారే తప్పింది.

అవి యుద్ధం ఆఖరు రోజులు. గుడ్డకి కంట్రోలు, కార్డు మీద తప్ప దొరికేది కాదు. గోపాలకృష్ణయ్యగారి కోడలు అనసూయమ్మ కాపరానికొచ్చి మూడు నెలలయింది. నడికుడిలో ఉన్న పుట్టింటివాళ్లు ఎట్లా సంపాదించారో, ఒక కొత్త చీర, రవిక పంపారు. ఒకసారి జాడించి గంజి పెట్టమని అవి మా ఇంటికొచ్చాయి. అమ్మ వాటిని ఆరేసి గుర్తు పెట్టిందో లేదో, అత్తగారు సుబ్బరత్నమ్మ పాలేరు చేత కబురు పంపింది. మాచర్లలో పెళ్లి, బండి కట్టారు, గుడ్డలు ఉన్నపళంగా పంపమంది. "సున్నం రాయలేదే" అని అమ్మ గొణిగింది, గొణుగుతూనే ఇచ్చేసింది. పెద్ద ఇల్లు, కాదంటే ఊళ్లో ఎట్లా బతుకుతాం?

నాలుగో రోజుకి అనసూయమ్మకి నడుమున, మెడ వెనక ఎర్రగా దద్దులు లేచాయి. ఆ తర్వాత నీటి పొక్కులు. నాటువైద్యుడు జానకిరామయ్య మైలుతుత్తం నూరి నూనెలో కలిపి పూశాడు. దాంతో పొక్కులు చితికి రసి కారింది, పుండ్లు ఇంకా పాకాయి. తన మందు తిరగబడిందని ఆయనెందుకు ఒప్పుకుంటాడు? పెద్దరోగం మొదలయినట్టుంది అన్నాడు. కుష్టు అనే మాట నోటితో అనలేదు, అనక్కర్లేకపోయింది. ఆ పూటే అనసూయమ్మ కంచం, చాప గొడ్లచావిట్లోకి మారాయి. వచ్చే గురువారం బండి కట్టి పుట్టింటికి పంపేద్దాం, ఇక తీసుకొచ్చే పని లేదని అనుకున్నారు. ఆమె మొగుడు మల్లేశ్వరరావు ఆ మాట విని తలొంచుకుని కూర్చున్నాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం చావలేదు.

అమ్మకి అన్నం సయించలేదు. ఊరుకుంటే తన తప్పు ఎవరికీ తెలియదు. నాన్న పోయి నాలుగేళ్లు, మా తిండి ఆ అరవై ఇళ్లదే. "ఊరుకోవే" అని నేనే అన్నాను. నాకప్పటికి పదిహేనేళ్లు, భయమే తప్ప బుద్ధి లేదు. అమ్మ వినలేదు. శుక్రవారం పొద్దున్నే వెళ్లి వాకిట్లో నిలబడింది.

"అమ్మా, అది రోగం కాదు. జీడి పొక్కింది. సున్నం రాయకుండా గుడ్డ పంపింది నేను. ఓ పదిహేను రోజులు ఓర్చుకుంటే అదే మానుద్ది."

సుబ్బరత్నమ్మ నవ్వింది. "ఏందే, వైద్యుడికి తెలవంది నీకు తెలిసిందా? ముప్పయ్యేళ్ల నుంచి నువ్వుతికిన గుడ్డలేగా కడతన్నాం. మాకెవరికీ పొక్కలేదే?"

"అందరికీ పొక్కదమ్మా."

"అయితే చూపించు, చూద్దాం."

అమ్మ కొంగున ముడేసుకున్న జీడిగింజ తీసి అక్కడే తన ముంజేతిమీద మూడు చుక్కలు పెట్టుకుంది. మూడు రోజులు చూశాం. దద్దు లేదు, దురద లేదు. ముప్పయ్యేళ్లు జీడి పట్టిన చెయ్యి, దానికి ఎప్పుడో అలవాటయిపోయింది. సోమవారం ఆ చెయ్యి చూసి సుబ్బరత్నమ్మ "ఇంక పోవే" అంది.

ఇంటికొచ్చి అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నీకు చిన్నప్పుడొకసారి పొక్కింది, గుర్తుందా?" అంది. నేను అంత తేలిగ్గా చెయ్యి చాపలేదు. ఏడ్చాను, తిట్టాను. అమ్మ కూడా ఏడుస్తూనే నా మణికట్టుమీద మూడు చుక్కలు పెట్టింది. బుధవారానికి చెయ్యి వాచింది. గురువారం పొద్దునకి నీటి పొక్కులు తేలాయి.

అమ్మ నన్ను ఆ ఇంటికి ఈడ్చుకుపోయింది. ఆమె మొహంలో అంత సంతోషం అంతకుముందు నేను చూడలేదు. కన్నబిడ్డ చెయ్యి పుండయిందని సంతోషం! "చూడండమ్మా, చూడండి" అంటూ నా చెయ్యెత్తి చూపించింది.

సుబ్బరత్నమ్మ గభాల్న వెనక్కి జరిగింది. "దీనిక్కూడా అంటుకుందిరా దేవుడా! దాని గుడ్డలుతికేది వీళ్లేగా!"

బండి ఆ పూటే కదిలింది. అనసూయమ్మ మొహాన కొంగు కప్పుకుని కూర్చుంది. సాయంత్రం మేం అన్నానికి గిన్నె పట్టుకుని వెళితే ఒక్క తలుపూ తియ్యలేదు. మా ఇంట్లో ఉన్న గుడ్డల్ని కర్రలతో ఎత్తి పట్టుకుపోయారు. వారం తిరక్కుండా పిడుగురాళ్ల నుంచి వేరే చాకలిని తెచ్చుకున్నారు. చాకలి కొత్త, మంగలి పాత అని నవ్వుకున్నారు కూడా. వాడూ జీడితోనే గుర్తులు పెట్టాడు.

నెల తిరిగేసరికి నా చెయ్యి మానింది, నల్లటి మచ్చలు మిగిలాయి. అది చూపించి ధైర్యం చెబుదామని అమ్మ నన్ను వెంటబెట్టుకుని నడికుడి వెళ్లింది. అనసూయమ్మ అరుగుమీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఒళ్లు శుభ్రంగా ఉంది.

"ఎప్పుడో మానింది రాఘవమ్మా. మా నాయన మాచవరానికి మూడు ఉత్తరాలు రాశాడు. చూడ్డానికి ఒక్కరూ రాలా. మాఘమాసంలో మా ఆయనకి మళ్లీ పెళ్లంట."

"తప్పు నాదమ్మా" అంది అమ్మ.

నీది కాదులే అంటుందేమోనని చూశాను. అనలేదు. ఎందుకనాలి? లేచి లోపలికి వెళ్లి, ఆ మూడు చుక్కల చీర తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వు కట్టుకో. నీకు పొక్కదుగా."

అది ఎత్తిపొడుపో, ఇవ్వాలనిపించి ఇచ్చిందో నాకు తెలియలేదు. మేం నడికుడిలోనే రైల్వేవాళ్ల గుడ్డలు ఉతుక్కుంటూ ఉండిపోయాం. అమ్మ మళ్లీ జీడి ముట్టలేదు, మూలన రంగుదారం కుట్టి గుర్తు పెట్టుకునేది. ఆ చీర ఒక్కరోజు కూడా కట్టలేదు. ఆమె పోయిన రోజున నేనే తీసి కప్పాను.