వడ్ల పొయ్యిలో తత్వశాస్త్రం

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక గుబురు మీసాల జర్మనీ తత్వవేత్త బొమ్మ చూపించి, ఈయనెవరో తెలుసా అమ్మమ్మా అని అడిగింది. తెలియకేం, ఆయన కోసం సొంత అన్న చెయ్యి విరగ్గొట్టానని చెబితే నవ్వి ఊరుకుంది. మన వయసు వాళ్లయితే నవ్వరు.

అరవైల మొదట్లో నేను కోవూరు వదిలి యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదివాను. బలమే గొప్పదనీ, జాలి ఒక జబ్బనీ రాసిన ఆ మహానుభావుడు ఆడవాళ్లను చులకన చేసిన పేజీలు వచ్చినప్పుడు మగపిల్లలు నావైపు తిరిగి ఇకిలించేవారు, మాస్టారు గొంతు సవరించుకుని దాటేసేవారు. ఒళ్లు మండేది. అయినా ఆ తిట్లు పక్కకు నెట్టి, బలం మాటలన్నీ నా కోసమే రాశాడనుకుని చదువుకున్నాను.

ఆఖరి పరీక్షల ముందు సెలవులకు ఇంటికి వచ్చి, పెరట్లో వడ్లు ఉడుకుతుంటే పొయ్యిలోకి ఊక ఎగదోస్తూ చదువుకుంటున్నాను. నాన్న పోయాక పెత్తనమంతా అన్నదే. తను తెచ్చిన సంబంధం నేను వద్దన్నానన్న కోపంతో వచ్చి, "నువ్వింక పరీక్షలకు పొయ్యేది లేదు" అంటూ నా చేతిలోని ఆ జర్మనీ ఆయన పుస్తకం, లైబ్రరీది, లాక్కుని పొయ్యిలోకి విసిరాడు. ఒట్టి చేతులతో నిప్పుల్లోంచి దాన్ని తీస్తుంటే డొక్కలో తన్నాడు, జుట్టు పట్టి ఈడ్చాడు, నోరంతా నెత్తురైంది. మళ్లీ పుస్తకం కోసం చాచిన అతని చేతి మీద, వడ్లు కలిపే తెడ్డెత్తి నా బలమంతా పెట్టి ఒక్కటి వేశాను. ఎముక విరిగిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. పశ్చాత్తాపం లేదు, అబద్ధమెందుకు. కానీ అంతటి మనిషీ కిందపడి అమ్మా అని అరిచేసరికి, ఆ పెద్దాయన జబ్బన్న జాలే నాకూ అంటుకుంది.

అమ్మ చీర చెంగు చించి అన్నకు కట్టు కట్టింది, మిగిలిన పేలిక కాలిన నా చేతులకు చుట్టింది.

"పోయి పరీక్ష రాసుకో. ఇంక ఈ ఇంటికి రాబాక. నేను పిలిచినా రాబాకమ్మా, వాడు చంపేస్తాడు."

అంచులు మాడిన పుస్తకంతో ఆ సాయంత్రమే బస్సెక్కాను. పరీక్షలో జాలి గురించే ప్రశ్న వచ్చింది. ఆయన వాదమంతా రాసి, పోతే పోయాయి మార్కులని చివర్న నేనొప్పుకోనని కూడా రాశాను. ప్యాసయ్యాను, ఉద్యోగం చేశాను. అమ్మ పిలవనూ లేదు, నేను వెళ్లనూ లేదు. ఆమె పోయిన కబురు కూడా అంతా అయిపోయాకే చేరింది.

ఇప్పుడు మా మనవరాలు అదే పుస్తకాన్ని కొత్తది కొనుక్కుని సోఫాలో కాళ్లు చాపుకుని చదువుతుంది, విసుగొస్తే మూసేస్తుంది. దాన్ని తన్నేవాళ్లెవరూ లేరు, అంతకంటే నాకేం కావాలి. కానీ చదువుకుంటున్న దాని చేతికి కాఫీ గ్లాసు అందించినప్పుడల్లా, మా అమ్మ నాకిలా ఒక్కపూటైనా ఇవ్వలేకపోయిందే అని ఏడుపొస్తుంది.